11 నెలల అగ్రిమెంటు, ఆరేళ్ల ప్రాణం

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైంది. మణికొండలో నలుగురు స్నేహితులతో కలిసి త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటున్నాడు. "అక్కా, కుక్కా పిల్లీ అయితే ఓనర్ ఒప్పుకోడు. చిన్నది, కొంచెం వెరైటీగా ఉండేది ఏదైనా పెంచుదామనుకుంటున్నాం. నువ్వు గినీ పిగ్స్ పెంచావు కదా, ఏది తెచ్చుకోమంటావు?" అన్నాడు. లిస్టు కూడా రాసి పెట్టుకున్నారు. చిట్టెలుకలా ఉండే హ్యామ్‌స్టర్, బుల్లి తాబేలు, చెట్టు మీంచి చెట్టుకు గాల్లో తేలిపోయే షుగర్ గ్లైడర్, వాళ్లలో ఒకడి పట్టు మీద బాల్ పైథాన్ అనే విషం లేని పాము. డబ్బులు తలా ఇంత వేసుకుంటారట.

తలా ఇంత అన్న మాట దగ్గరే నాకు గుండె కలుక్కుమంది. మేమూ అలాగే వేసుకున్నాం.

వాడితో గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక కూడా చెప్పాల్సింది మిగిలిపోయిందనిపించి ఇది రాస్తున్నాను. షేరింగ్ ఫ్లాట్‌లో "మనందరిదీ" అనే పెంపుడు జంతువు ఉండకూడదు. అది ఒక్కరి పేరు మీద ఉండాలి. ఫ్లాట్ చెదిరిపోయి ఆ ఒక్కరు రేపు ఏ సింగిల్ రూమ్‌కో మారినా వెంట తీసుకుపోగలిగిన ప్రాణినే తేవాలి. హ్యామ్‌స్టరా, తాబేలా, చేపా అన్నది ఆ తర్వాత సంగతి. ఇది నాకు తెలిసిరావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఈలోపు ఒక ప్రాణం పోయింది.

నాలుగు వాటాలు

2022 ఆగస్టులో కొండాపూర్‌లో నలుగురం ఒక ఫ్లాట్ తీసుకున్నాం. పేర్లు రాయను. ఇంట్లో కూడా ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. నేను తెనాలి. మిగతా ముగ్గురూ నెల్లూరు, కరీంనగర్, విజయనగరం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్యాస్ స్టవ్ అన్నీ నాలుగు వాటాలు వేసి కొన్నాం. ఎవరైనా ఖాళీ చేస్తే వాళ్ల వాటా లెక్కగట్టి ఇచ్చేయాలని ముందే అనుకున్నాం. ఆ లెక్క బాగానే నడిచింది కూడా.

రెండో నెలలో ఒక ఆదివారం విజయనగరం, నేను పెట్ షాపుకి వెళ్లి రెండు ఆడ గినీ పిగ్ పిల్లల్ని చూసి వచ్చాం. జత 2,400. మనిషికి 600. రాత్రి అన్నాల దగ్గర ఓటింగ్ పెట్టాం. విజయనగరం, నేను కావాలన్నాం. కరీంనగర్ "మీ ఇష్టం అక్కా, నాకేం లేదు" అంది. నెల్లూరు మాత్రం "నాకు ఎలకలంటే భయం మే, వద్దు" అంది. ముగ్గురం ఒకవైపు, ఒకరు ఒకవైపు. మెజారిటీ ఉంది కదా అని మర్నాడే తెచ్చేశాం. నెల్లూరు తన 600 కూడా ఇచ్చింది. ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

బంగారు రంగులో గుండ్రంగా ఉన్నదానికి బూరె అని, తెల్లగా మెరిసేదానికి గవ్వ అని పేర్లు పెట్టాం. మా అమ్మకి ఫోన్‌లో చెబితే "పిగ్ అంటే పందేగా? హాల్లో పందేంటే?" అని కంగారుపడింది. పంది కాదమ్మా, దక్షిణ అమెరికా కొండల్లో వేల ఏళ్ల కిందట మచ్చిక చేసిన జంతువు, అక్కడివాళ్లు ఇప్పటికీ కోళ్లలాగే తినడానికి పెంచుతారు అని చెప్పాను. వీడియో కాల్‌లో చూశాక "కుందేలు పిల్లలా ఉందే, పాపం" అంది.

వాటితో గడిపిన మొదటి ఏడాది నా హైదరాబాద్ జీవితంలో చాలా మంచి కాలం. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, రెండూ కీచుమని అరిచేవి, కొత్తిమీర వస్తుందని. సంతోషం ఎక్కువైతే ఉన్నచోటే గాల్లోకి ఎగిరి పడేవి. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చి లైటు వేసేసరికి ఇంట్లో ఒక ప్రాణి నా కోసం అరిచిందంటే, ఆ రోజు ఆఫీసులో ఎవరేమన్నా మనసుకు పట్టేది కాదు.

పని కూడా తక్కువేం కాదు. షాపువాళ్లు అమ్మిన పంజరం వాటికి బొత్తిగా చాలదని నెల రోజులకే తెలిసింది. రెండింటికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల కావాలి. హాల్లో టీవీ పక్కన ఇనప జాలీలతో దడి కట్టాం. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అందుకని రోజంతా గడ్డి నములుతూనే ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే విదేశీ ఎండుగడ్డి ఖరీదు చూసి, గుడి దగ్గర ఆవులకు పెట్టడానికి పచ్చగడ్డి కట్టలు అమ్మే ఆమెతో మాట్లాడుకున్నాం. వినాయక చవితికి తెచ్చిన గరికలో మిగిలిందంతా వాటికే. మనలాగే వాటి ఒంట్లో కూడా విటమిన్ సి తయారవదు. రోజూ ఇంత క్యాప్సికమో జామకాయ ముక్కో పడాల్సిందే. ఇవన్నీ తెలుసుకుని చేశాం. ఫ్రిజ్ మీద వంతుల చార్టు అంటించాం. అది చూసి, ఇంత పద్ధతిగా ఎవరు పెంచుతారు అనుకునేదాన్ని.

2024 మే 12, ఆదివారం

ఆ ఏడాది మే 13న ఆంధ్రాలో అసెంబ్లీకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ ఒకేరోజు పోలింగ్. హైదరాబాద్ ఎలా ఖాళీ అయిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. విజయనగరం శుక్రవారం రాత్రి రైలుకే వెళ్లింది. నేను శనివారం పొద్దున బయల్దేరాను. కరీంనగర్ "నేను సోమవారం పొద్దుగాల పోయి ఓటేసి రాత్రికల్లా వస్త" అని నాతో చెప్పింది. ఆ మాట నెల్లూరు కూడా విని, నిశ్చింతగా శనివారం రాత్రి రైలెక్కింది. కరీంనగర్ ఏమో నెల్లూరు టికెట్ ఆదివారం రాత్రికి అనుకుంది. శనివారం సాయంత్రం వాళ్లన్నయ్య కారేసుకుని ఈ పక్కకు వస్తే అతనితో పాటే వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ గ్రూపులో "బూరె, గవ్వ ఏం చేస్తున్నాయి? ఫొటో పెట్టండే" అని మెసేజ్ పెట్టాను. నలుగురం ఊళ్లలో ఉన్నామని తెలియడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను ఎప్పటికీ మర్చిపోలేను.

వాచ్‌మన్ దగ్గర మా తాళం లేదు. పనికి వచ్చే అమ్మ దగ్గర ఒకటుండేది కానీ ఆమె కూడా ఓటు కోసం ఊరెళ్లింది. ఇంకో తాళం ఓనర్ ఆంటీ దగ్గరుంది. ఆవిడకి తెలియకుండా పెంచుతున్నాం. ఫోన్ చేయాలా వద్దా అని నలుగురం గ్రూపులో గంటసేపు కొట్టుకున్నాం. చివరికి నేనే చేస్తే, ఆవిడా ఏలూరులో ఉన్నారు, తాళం ఆవిడ పర్సులోనే ఉంది. అరుస్తారనుకున్నాను. "ముందే చెప్పుంటే తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేదాన్ని కదమ్మా" అన్నారు. ఇన్నాళ్లూ దాచినందుకు సిగ్గేసింది.

ఆ రాత్రి తెనాలి నుంచి విజయవాడ వచ్చి బస్సెక్కాను. ఎదుటి లైన్లో హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు తోకల్లా బారులు తీరాయి. మా బస్సులో పట్టుమని పదిమంది లేరు. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి, కిటికీలన్నీ మూసిన హాల్లో వేడి మొహానికి కొట్టింది. గడ్డి ఒక్క పరక లేదు. నీళ్ల సీసా అడుగంటింది. బూరె నన్ను చూసి అరిచింది. గవ్వ మూలన ముడుచుకుని కూర్చుంది, అరవలేదు.

ఈ జంతువుల పొట్ట ఎప్పుడూ పని చేస్తూ ఉండాలి. ఒక రోజు తిండి ఆగితే పేగుల కదలిక ఆగిపోతుంది, ఆ తర్వాత తిండి ముందు పెట్టినా తినవు. డాక్టర్‌ని వెతకడానికి మూడు క్లినిక్‌లు తిరిగాను. కుక్కలకీ పిల్లులకీ ఉన్నట్టు వీటికి వీధికొక డాక్టర్ ఉండరు. దొరికినాయన చాలా ఓపికగా చూశారు. సెలైన్ ఎక్కించి, మేత మెత్తగా చేసి సిరంజితో రెండు గంటలకోసారి పట్టమన్నారు. పట్టాను. బుధవారం రాత్రి నా ఒళ్లోనే పోయింది.

మా అమ్మ ఫోన్‌లో నన్ను ఓదారుస్తూ, తిట్టాలని కాదు, తనకు తెలిసిన మాటగా అంది: "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదే." చిన్నప్పటి నుంచి విన్న సామెతే. ఆస్తుల తగాదాల్లో వాడే మాట అనుకున్నాను ఇన్నాళ్లూ.

నలుగురిలో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. అందరికీ అవంటే ప్రేమే. కరీంనగర్ ఆ వారమంతా అన్నం ముట్టలేదు. నలుగురం ఉన్నామన్న ధైర్యమే వాటిని ఒంటరి చేసింది. నా ఒక్కదానివే అయ్యుంటే టికెట్ బుక్ చేసేటప్పుడే వాటి సంగతి చూసుకునేదాన్ని. చూసుకోకపోతే ఇంకెవరూ చూసుకోరని నాకు తెలిసుండేది కాబట్టి.

చిన్నది అంటే ఎంత చిన్నది

మా తమ్ముడి లిస్టులో ఉన్న జంతువులన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటే, అరచేతిలో పడతాయి. అరచేతిలో పట్టేది కదా, బాధ్యత కూడా అంతే ఉంటుందని అనుకుంటాం. మేమూ అనుకున్నాం. ప్రాణిని కొలవాల్సింది కిలోల్లో కాదు, ఏళ్లలో. మన అద్దె అగ్రిమెంటు 11 నెలలు. గినీ పిగ్ బతికేది ఐదు నుంచి ఎనిమిదేళ్లు. షుగర్ గ్లైడర్ బాగా చూసుకుంటే పదేళ్లు దాటుతుంది. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు. అక్వేరియం షాపుల్లో పెద్ద నాణెమంత ఉండే ఎర్రచెవుల తాబేలు పెద్దయ్యాక భోజనం ప్లేటంత అవుతుంది, దానికీ ఇరవై ముప్పై ఏళ్ల ఆయుష్షు. అద్దె అగ్రిమెంట్లు ఇరవై, ముప్పై మారినా అది ఉంటుంది. అప్పుడు జనం ఏం చేస్తారు? చెరువులో వదిలేస్తారు. అమెరికా నదుల్లో పుట్టిన ఆ తాబేలు మన చెరువుల్లో తాబేళ్ల తిండికీ చోటుకీ ఎసరు పెడుతుంది. ప్రపంచంలో అతి హాని చేసే వంద పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది. జాలితో వదిలామనుకుంటారు కానీ అది జాలి కాదు.

"అయితే మన తాబేలే తెచ్చుకుంటాం, నక్షత్ర తాబేలు, అదృష్టం కూడా అంటారు" అన్నాడు వాడు. రాయలసీమ మెట్ట పొదల్లో తిరిగే ఆ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అంతర్జాతీయ వ్యాపారం కూడా 2019లో పూర్తిగా నిషేధించారు. రామచిలుకని పెంచడం కూడా నేరమే, చిలక జోస్యం చూసి పెరిగాం కాబట్టి అలా తోచదు. విదేశీ జంతువు అయితే ఏ గొడవా లేదనుకోవడం కూడా తప్పే. అరుదైన ప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. దాని జాబితాలో ఉన్న విదేశీ ప్రాణిని ఎవరు పెంచినా 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలోదే. ఆ నమోదు ఎవరి పేరు మీద చేస్తారని అడిగాను. ఐదుగురి పేర్లూ రాయొచ్చా అన్నాడు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన ఓనర్‌కి పాము సంగతి తెలుసా అని అడిగితే మాట్లాడలేదు.

హ్యామ్‌స్టర్ గురించి మాత్రం నేను కాసేపు తటపటాయించాను. దాని ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు. సిరియా హ్యామ్‌స్టర్‌కి తోడు అక్కర్లేదు, పెడితే కొట్టుకుంటాయి. అంటే ఒక్కరి చేతిలో ఒక్కటి, లెక్క సరిపోతుంది. కానీ అది రాత్రి జంతువు. మనం పడుకున్నాక లేచి చక్రం తిప్పుతుంది, ఒక్క రాత్రిలో కిలోమీటర్లు పరిగెడుతుంది. వీళ్ల ఫ్లాట్‌లో ఇద్దరు హాల్లో పడుకుంటారు. ఆ ఇద్దరికీ పొద్దున్నే షిఫ్టు. మొదటి వారం ముద్దొస్తుంది, మూడో వారం చక్రం తీసేస్తారు, చక్రం లేకపోతే పంజరం ఊచలు కొరకడం మొదలుపెడుతుంది. పైగా దానికి మన ఎండలు పడవు. ఏసీ ఎవరి గదిలో ఉంటే దాన్ని ఆ గదిలో పెట్టాలి, ఏప్రిల్, మే నెలల్లో పగలంతా. కరెంటు బిల్లు ఐదుగురిదీ. అక్కడ మొదలవుతుంది గొడవ.

అసలు ఆ "వెరైటీ" కోరికే నాకు భయం. ఆ కోరిక తప్పని అనను, నాకూ ఉండేది. అందరిళ్లలో ఉన్నది కాకుండా మనకే ప్రత్యేకమైనది కావాలనిపించడం ఆ వయసులో సహజం. కానీ అరుదైన ప్రాణి అంటే కష్టమొచ్చినప్పుడు అడగడానికి మనిషి దొరకని ప్రాణి. పక్క ఫ్లాట్ ఆంటీకి కుక్కకి అన్నం పెట్టడం తెలుసు, చేపలకి చిటికెడు మేత చల్లడం తెలుసు. గినీ పిగ్ అంటే ఏమిటో నేను మొదలుపెట్టి చెప్పాలి. నేను మూడు క్లినిక్‌లు తిరిగింది అందుకే.

వద్దన్న మనిషి

నా వాదనకి అడ్డొచ్చే మనిషి ఒకరున్నారు. నెల్లూరు.

వద్దన్నవాళ్ల మాట చెల్లాలి, ఒక్కరు వద్దన్నా తేకూడదు అని మా తమ్ముడికి గట్టిగా చెప్పాను. మరి మా ఇంట్లో వద్దన్న మనిషే చివరికి వాటికి అమ్మ అయింది. తనకి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పగలు వాటి కీచుమనడం విని విని, నాలుగో నెలలో ఒకరోజు దూరం నుంచే కొత్తిమీర కాడ విసిరింది. తర్వాత వారం చేత్తో అందించింది. ఏడాది తిరిగేసరికి వంతుల చార్టులో మా వంతులు కూడా తనే చేసేది. గవ్వ పోయాక మూడు వారాల పాటు బూరెని రోజూ పొద్దున్నే వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకుంది. ఈ జంతువులు జబ్బుని దాచుకుంటాయి, బరువు తగ్గడం ఒక్కటే ముందుగా తెలిసేది, అని డాక్టర్ చెప్పిన మాట పట్టుకుని.

ఆ రోజు మేం తన మాట విని ఉంటే ఇదేమీ జరిగేది కాదు కదా? నా నియమం తనకి ఈ ప్రేమని దక్కనిచ్చేది కాదు కదా? చాలాకాలం ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక, చివరికి తననే అడిగాను. తను చెప్పింది ఇది: "అప్పుడు వద్దన్నదీ నిజమే, ఇప్పుడు వదల్లేనిదీ నిజమే. కానీ మే, ఆ మొదటి నాలుగు నెలలు నేను అద్దె కట్టే ఇంట్లో రాత్రిపూట మంచినీళ్లకి హాల్లోకి రావడానికి భయపడ్డా. మీరెవరూ చూడలా."

నిజంగానే మేం చూడలేదు. తన మనసు మారడం తన మంచితనం. దాన్ని మా నిర్ణయానికి సాక్ష్యంగా వాడుకునే హక్కు మాకు లేదు. అద్దె ఇల్లు నలుగురికీ సొంతిల్లే. ఒకరి సరదా కోసం ఇంకొకరు తమ ఇంట్లో భయపడుతూ తిరగకూడదు. మనసు మారుతుందిలే అని తేవడం పందెం. పందెం కాసేది మనం, ఓడితే నష్టపోయేది ఆ మనిషి, ఆ జంతువు.

ఇంకో ప్రశ్న అంతకంటే కష్టమైనది. మరి అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, ఊరు వదిలి వచ్చినవాళ్లు, అసలు ఏ ప్రాణినీ పెంచుకోకూడదా? సొంతిల్లు ఉన్నవాళ్లకేనా ఆ భాగ్యం? ఇలా అనే మనుషులున్నారు, "పెళ్లి చేసుకుని సెటిలయ్యాక పెంచుకోండి" అంటారు. నేను దాన్ని ఒప్పుకోను. ఇంట్లో ఒక ప్రాణి ఉండటం ఎవరికి ఎక్కువ అవసరమంటే, అమ్మానాన్నలకి దూరంగా, రాత్రి తొమ్మిదికి లైటు వేసుకుని లోపలికొచ్చేవాళ్లకే. మా నలుగురం స్నేహితులం అయింది కూడా ఆ దడి చుట్టూ కూర్చునే. వద్దని చెప్పడానికి కాదు నా బాధ. ఒక్కరి పేరు మీద పెట్టుకోండి అంటున్నాను. మిగతావాళ్లు ముద్దు చేయొచ్చు, సాయం చేయొచ్చు, కానీ డబ్బు ఒక్కరే పెట్టాలి, డాక్టర్ దగ్గరికి ఒక్కరే పరిగెత్తాలి, ఊరెళ్లేముందు తాళం ఎవరికిచ్చానో చూసుకోవాల్సింది ఆ ఒక్కరే. మా అమ్మమ్మ ఇంట్లో పన్నెండు మంది ఉండేవాళ్లు. గేదెకి అందరూ గడ్డి వేసేవాళ్లు, పిల్లలం కుడితి పోసేవాళ్లం. కానీ ఆ గేదె అమ్మమ్మది. రాత్రి పడుకునేముందు పాకలోకి వెళ్లి చూసి వచ్చేది అమ్మమ్మ ఒక్కతే.

తోడు పోయిన ప్రాణి

గవ్వ పోయాక బూరె గడ్డి తినడం తగ్గించింది. ఫ్రిజ్ చప్పుడుకి లేచేది కాదు. ఇవి గుంపులో బతికే జంతువులు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. జతలో ఒకటి పోతే మిగిలినదానికి తోడుగా ఇంకోదాన్ని అద్దెకిచ్చే మనుషులు కూడా అక్కడ ఉన్నారట. ఇక్కడ అలాంటిది నాకెక్కడా దొరకలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. తెచ్చేముందు ఎవరూ చెప్పరు. తోడు తెస్తే, ముసలిది పోయాక ఆ తోడు ఒంటరిదవుతుంది. దానికి మళ్లీ తోడు. ఇది ఎక్కడా తెగదు. ఆరేళ్లనుకున్నది పన్నెండేళ్లవుతుంది. అందుకే జతగా బతికే జంతువుని షేరింగ్ ఫ్లాట్‌లోకి తేవద్దంటాను, కుందేలైనా, గినీ పిగ్ అయినా, షుగర్ గ్లైడర్ అయినా.

మేం మాత్రం తెచ్చాం, బూరె చిక్కిపోతుంటే చూస్తూ ఉండలేక. కొనలేదు. గచ్చిబౌలిలో ఒక ఫ్లాట్ ఖాళీ చేస్తున్నవాళ్లు తమ దగ్గరున్న ఏడాది వయసు ఆడదాన్ని ఎవరైనా తీసుకుంటారా అని అడుగుతుంటే వెళ్లి తెచ్చుకున్నాం. ఆ హాల్లో సర్దిన పెట్టెల మధ్య పంజరం ఒక్కటే ఎవరి సామానూ కానట్టు ఉంది. ముగ్గురు అబ్బాయిలు. ఒకరు పూణె, ఒకరు పీజీ, ఒకరు ఇంటికి. తెచ్చినప్పుడు ముగ్గురిదీ అట. దానికి జంతిక అని పేరు పెట్టాం.

నాలుగు నెలల తర్వాత, 2024 అక్టోబర్‌లో, మా ఫ్లాటూ చెదిరింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లెక్కలు అరగంటలో తేలాయి. చివర్లో దడి దగ్గర నిలబడి నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను అప్పుడు వెళ్తున్నది పీజీకి. "నేను తీసుకుపోతా" అంది నెల్లూరు, ఎవరూ అడక్కముందే. వాటి మీద నా 600 అలాగే ఉండిపోయాయని ఎప్పుడూ అనిపించలేదు. వాటిని వదిలి ఆటో ఎక్కిన సంగతి మాత్రం గుర్తొస్తూ ఉంటుంది.

సంక్రాంతికి ఎవరుంటారు

తమ్ముడికి చివరగా ఒక్క ప్రశ్న ఇచ్చాను. సంక్రాంతి నాలుగు రోజులూ ఆ ఫ్లాట్‌లో ఎవరుంటారు? ఐదుగురూ ఆంధ్రా పిల్లలే, ఐదుగురికీ టికెట్లు రెండు నెలల ముందే బుక్ అయిపోతాయి. మా ఇంట్లో కరీంనగర్ ఉండబట్టి సంక్రాంతులు గడిచాయి, తను బతుకమ్మకీ దసరాకీ వెళ్తే మేం ఉండేవాళ్లం. మాకు దెబ్బ తగిలింది పండక్కి కాదు, రెండు రాష్ట్రాలవాళ్లమూ ఒకేసారి కదిలిన రోజున. వాళ్లకైతే ప్రతి జనవరీ అలాంటి రోజే.

నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. ఐదుగురూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఒకడు అప్పుడే మొదటిసారి బయటపెట్టాడట, తనకి ఇంట్లో జంతువులే ఇష్టం లేదని. మిగతా నలుగురూ అది విని ఆశ్చర్యపోయారు. లిస్టు పక్కన పెట్టేశారు. వీడు తన డబ్బుతో, తన గదిలో, తన టేబుల్ మీద ఒక్క ఫైటర్ చేప పెట్టుకుంటానంటున్నాడు. గాజు గ్లాసులో కాదు, 20 లీటర్లకు తగ్గని ట్యాంకులో. అది ఒంటరిగానే బతుకుతుంది, చలికాలంలో తప్ప మన వాతావరణంలో నీళ్లకి హీటర్ కూడా అక్కర్లేదు, మూడేళ్ల ప్రాణం, ఎదిగిన చేప మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. "వెరైటీ ఏం లేదు కదా అక్కా" అన్నాడు. మగ ఫైటర్ నీటిపైన నురగతో గూడు కడుతుంది, అది చూశాక చెప్పమన్నాను.

ఇంతలో నాకు వేరే ఫోన్ వచ్చింది. నెల్లూరుకి పెళ్లి కుదిరింది, ఫిబ్రవరి చివర్లో. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. డిసెంబర్‌లోనే ఉద్యోగం మానేసి ఊరెళ్తోంది. బూరెకి మూడేళ్లు దాటాయి, జంతికకి దాదాపు రెండున్నర. "నువ్వు తీసుకుంటావా? నువ్వు కాదంటే ఇంకెవరినైనా చూస్తా, మొహమాటపడొద్దు" అంది.

ఇప్పుడు మియాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఓనర్ అంకుల్‌ని ముందే అడిగాను, వాసన రాకపోతే చాలన్నారు. హాల్లో నాలుగడుగుల దడికి చోటుంది. గడ్డి అమ్మే ఆమె ఎక్కడ దొరుకుతుందో ఇంకా చూసుకోవాలి. నాకు జనవరి 11కి తెనాలి టికెట్ ఉంది. ఆ మాటే కరీంనగర్‌తో అంటే, "సంక్రాంతికి నేను ఈడనే ఉంట కదా అక్కా, తాళం ఇచ్చి పో" అంది. అప్పుడు నాకు తోచింది, సోమవారం పొద్దుగాల అన్న మాట లాంటిదే ఇది కూడా. అందుకని తేదీలు, పూటలు కాగితం మీద రాసి పంపాను. తను చదివి, 14 సాయంత్రం తనకి ఒక పేరంటం ఉందని, ఆ పూట కుదరదని తిరిగి రాసింది. ఆ ఒక్క పూటకి కింద ఫ్లాట్ ఆంటీని అడగాలి. ఆవిడ ఊళ్లో లేరు, శనివారం వస్తారు. నెల్లూరుకి నా జవాబు ఆదివారం చెప్తానన్నాను.